‘ల్యాండ్ ఆఫ్ బ్లాక్ గోల్డ్’లో హైఫా ఎక్కడికి పోయింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు కామిక్, కుర్ర విలేకరి టిన్‌టిన్ సాహసాల్లో ఒకటైన ‘ల్యాండ్ ఆఫ్ బ్లాక్ గోల్డ్’లో ఓడ ఆగేది ఖేమిఖల్ అనే రేవులో. అక్కడ టిన్‌టిన్‌ని పట్టుకునేది అరబ్బు పోలీసులు. మీ అన్నయ్య పారిస్ నుంచి తెచ్చిన ఫ్రెంచి పుస్తకంలో మాత్రం అదే ఓడ అప్పటి పాలస్తీనా రేవు హైఫాలో ఆగింది, ఒడ్డున బ్రిటిష్ సైనికులున్నారు, యూదుల రహస్య దళం ఒకటి టిన్‌టిన్‌ని ఎత్తుకుపోయింది. ఇంగ్లీషువాళ్లు కత్తెర వేశారా, ఏది అసలుది అని అడిగారు. చివర్లో ఊడిపడే టిన్‌టిన్ నేస్తం కెప్టెన్ హాడక్ అక్కడికెలా వచ్చాడో చెప్పే పేజీలు కూడా అలాగే ఎగిరిపోయాయా అన్నది రెండో అనుమానం.

సూటిగా చెప్పేస్తాను. అది సెన్సారు కత్తెర కాదు. 1971లో రచయిత హెర్జే తన స్టూడియోలోనే ఆ పేజీలు మళ్లీ గీయించాడు. మార్చమని అడిగింది లండన్ ప్రచురణ సంస్థ మెథ్యూన్. ఆ తర్వాత ఫ్రెంచిలో కూడా మామూలుగా అమ్మేది ఆ కొత్త పాఠమే. మీ అన్నయ్య తెచ్చింది 1950 ఆల్బమ్‌కి అచ్చు నకలుగా వేసిన ఫాక్సిమిలీ అయి ఉంటుంది. ఇక హాడక్ సంగతి. ఏ పేజీలూ పోలేదు, ఆ వివరణ ఎప్పుడూ లేదు. అది 1971 పని కాదు, 1948లో పడ్డ అతుకు. అసలుది ఏదంటే 1950ది కూడా మొదటిది కాదు. మొదటిది 1939లో మొదలై సగంలో ఆగిపోయింది. మీ చేతిలో ఉన్నది మూడోసారి చెప్పిన కథ.

నేను ఇరవై ఏళ్ల పైనుంచి పాత కామిక్స్ కొని అమ్ముతున్నాను. ఒకే ఆల్బమ్‌కి రెండు మూడు ముద్రణలు బల్ల మీద పక్కపక్కన పరిచి, ఒక్కొక్క బొమ్మా పోల్చి చూడటం మొదట్లో వ్యాపారం కోసం చేసేవాణ్ని. ఇప్పుడు అదో పిచ్చి. టిన్‌టిన్ ఆల్బమ్‌లలో ఇంతగా అతుకులబొంత అయిన కథ ఇంకొకటి నా కంట పడలేదు. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కథ 1939 సెప్టెంబరు 28న బ్రస్సెల్స్‌లో ‘ల పెతి వాంతియెమ్’లో మొదలైంది. అది ఒక కాథలిక్ దినపత్రికకు పిల్లల అనుబంధం. అప్పటికి యుద్ధం మొదలై నెల కూడా కాలేదు. బెల్జియం ఇంకా అందులోకి దిగలేదు గానీ సైన్యాన్ని సిద్ధం చేస్తోంది. హెర్జే కూడా రిజర్వు అధికారి, అతనికీ పిలుపొచ్చింది. ఆ భయమంతా కథ మొదటి పేజీల్లోనే కనబడుతుంది. ఎవరో పెట్రోల్లో ఏదో కలుపుతున్నారు, దాంతో కార్ల ఇంజన్లు ఢామ్మని పేలిపోతున్నాయి. యుద్ధం వస్తే విమానాలు, ట్యాంకుల గతేమిటని అందరికీ గుబులు. వెనక ఉన్నది డాక్టర్ ముల్లర్, ‘బ్లాక్ ఐలండ్’లో మనం చూసిన జర్మన్ పేరు విలనే.

హైఫా ఎందుకంటే, అప్పట్లో చమురు కథకి అంతకన్నా సహజమైన ఊరు లేదు. ఇరాక్‌లోని కిర్కుక్ బావుల నుంచి హైఫా రేవుకి వేసిన పైప్‌లైను 1935లో పనిలోకొచ్చింది. పాలస్తీనా అప్పుడు బ్రిటిష్ మాండేట్ కింద, అంటే నానాజాతి సమితి అప్పగించిన బ్రిటిష్ పాలనలో ఉంది. 1936 నుంచి 1939 దాకా సాగిన అరబ్బు తిరుగుబాటులో ఆ పైప్‌లైన్‌ని తిరుగుబాటుదార్లు మళ్లీ మళ్లీ పేల్చారు. ఆల్బమ్‌లో రాత్రిపూట గుర్రాల మీద వచ్చి పైప్‌లైన్ పేల్చే దృశ్యం ఉంది కదా, అది హెర్జే గాల్లోంచి తెచ్చింది కాదు, ఆనాటి పేపర్లలో రోజూ వచ్చే వార్త. బ్రిటిష్‌వాళ్లు, యూదు దళాలు, అరబ్బు తిరుగుబాటుదార్లు, ఈ ముగ్గురూ ఒకే రేవులో ఒకరి మీద ఒకరు కత్తులు నూరుతున్న చోటు అది. మధ్యలో కాలు పెట్టిన కుర్రాణ్ని తలా ఒకవైపు లాగడం కథకి తిరుగులేని ఇరుసు.

1940 మే 10న జర్మన్లు బెల్జియంలోకి వచ్చారు. పత్రిక ఆగిపోయింది. చివరి పేజీలు మే 8న వచ్చాయి. టిన్‌టిన్ ఎడారిలో, ఇసుక తుఫానులో ముల్లర్‌తో తలపడే చోట కథ తెగిపోయింది. ఇప్పటి ఆల్బమ్‌లో చూస్తే సుమారు సగం దగ్గర. ఆక్రమణ కాలంలో హెర్జే ‘ల స్వార్’ పత్రికలో గీయడం కొనసాగించాడు, యుద్ధం అయ్యాక దానికి మాట కూడా పడ్డాడు. కానీ ఈ కథని ముట్టుకోలేదు. ముట్టుకునే వీల్లేదు కూడా. జర్మన్ విలను, బ్రిటిష్ సైన్యం ఉన్న కథని జర్మన్ల నిఘాలో నడిచే పత్రికలో ఎవరు వేస్తారు? దాని బదులు ‘క్రాబ్ విత్ ది గోల్డెన్ క్లాస్’ మొదలుపెట్టాడు. అందులోనే, 1941 జనవరిలో, కెప్టెన్ హాడక్ పుట్టాడు.

ఇక్కడే మీ రెండో అనుమానానికి తాళంచెవి ఉంది. ‘బ్లాక్ గోల్డ్’ మొదలైనప్పటికి హాడక్ అనే మనిషే లేడు.

1948 సెప్టెంబరు 16న ‘టిన్‌టిన్’ వారపత్రికలో హెర్జే ఆ కథని మళ్లీ ఎత్తుకున్నాడు. అప్పటికి మనిషి బాగా అలసిపోయి ఉన్నాడు. చంద్రుడి మీదికి వెళ్లే కథ ఆలోచనలో ఉన్నా దానికి బోలెడు పరిశోధన కావాలి. సగం తయారైన పాత కథ చేతిలో ఉంది. ఆగిన చోటి నుంచి కొనసాగించకుండా మొదటి నుంచి మళ్లీ గీశాడు. ఈ లోపు ఎనిమిదేళ్లలో టిన్‌టిన్ లోకమే మారిపోయింది. హాడక్ వచ్చాడు, శాస్త్రవేత్త ప్రొఫెసర్ కాల్కులస్ వచ్చాడు, వాళ్లుండే మార్లిన్‌స్పైక్ భవంతి వచ్చింది. హాడక్ లేకుండా కథ వేస్తే పిల్లలు ఊరుకోరు. ఉన్న కథలో అతనికి చోటు లేదు. అన్ని పేజీల్లోకీ అతన్ని చొప్పించాలంటే మొత్తం కూలగొట్టి కట్టాలి.

హెర్జే చేసిన పని చూడండి. మొదట్లోనే హాడక్ ఫోన్ చేసి నన్ను యుద్ధ విధుల్లోకి పిలిచారు, వెళ్తున్నానని చెప్పి పెట్టేస్తాడు. అంతే, సుమారు యాభై పేజీల పాటు అతని జాడ లేదు. చివర్లో టిన్‌టిన్ ప్రాణం మీదికొచ్చినప్పుడు దేవుడిలా ప్రత్యక్షమవుతాడు. ఎలా వచ్చావయ్యా అంటే, చాలా సింపుల్, కానీ అదే సమయంలో కాస్త చిక్కు అంటూ మొదలుపెడతాడు, ఈలోపు ఏదో ఒకటి అడ్డొస్తుంది. మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ అడ్డు. ఆఖరి పేజీ దాకా ఆ వాక్యం పూర్తి కాదు. మీరు పోయిన పేజీలు అనుకున్నది ఇదే. సమాధానం లేదు కాబట్టి సమాధానం లేకపోవడాన్నే హాస్యం చేసుకున్నాడు. అతుకుని దాచకుండా దాని మీద జరీ కుట్టడమంటే ఇదీ. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నింటికన్నా నచ్చేది ఆ వాక్యమే.

కాల్కులస్‌నీ ఇలాగే తెచ్చాడు, కథలో అడుగు పెట్టనివ్వకుండా, చివర్న ఒక ఉత్తరంలో. పెట్రోల్లో ముల్లర్ కలిపించిన మాత్రల మీద చేసిన ప్రయోగాల్లో మార్లిన్‌స్పైక్‌ భవంతిని సగం పేల్చేశాడని మనకి తెలుస్తుంది. ఆ ఒక్క ఉత్తరంతో మనిషినీ తెచ్చాడు, ఇంటినీ తెచ్చాడు.

ఆ సీరియల్ కూడా సాఫీగా నడవలేదు. 1949 ఆగస్టులో హెర్జే గీయడం ఆపి స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. పన్నెండు వారాలు పేజీల్లేవు. అక్టోబరు చివర్లో మళ్లీ మొదలై 1950 ఫిబ్రవరి 23న ముగిసింది. అదే ఏడు కాస్టర్‌మాన్ సంస్థ రంగుల ఆల్బమ్‌గా 62 పేజీల్లో తెచ్చింది. మీ అన్నయ్య పుస్తకం దీనికి నకలు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 1948 సెప్టెంబరులో ఈ కథ మళ్లీ మొదలయ్యేనాటికి పాలస్తీనాలో బ్రిటిష్ మాండేట్ ముగిసిపోయి నాలుగు నెలలయింది. ఆ ఏడాది మే 14న ఇజ్రాయెల్ ప్రకటన జరిగింది. అంటే హైఫాలో బ్రిటిష్ సైనికులు టిన్‌టిన్‌ని పట్టుకున్న ఆ పేజీలు అచ్చయ్యేనాటికే చరిత్రలో కలిసిపోయినవి. 1950 పాఠమే నిజమైన చరిత్ర అని వాదించే కామిక్స్ సేకర్తలతో నాకు పేచీ ఇక్కడే. అది 1939 నాటి వార్తని 1948లో పిల్లలకి వడ్డించిన కథ.

ఇప్పుడు 1971. మెథ్యూన్ 1958 నుంచి టిన్‌టిన్‌ని ఇంగ్లీషులో వేస్తూ వచ్చినా ‘బ్లాక్ గోల్డ్’ని పక్కన పెట్టింది. బ్రిటిష్ సైన్యం మీద పోరాడే యూదు దళం, వాళ్లు ఎత్తుకుపోయే హీరో, ఇది లండన్‌లో పిల్లల పుస్తకానికి ఇబ్బంది. పైగా మాండేట్ అంటే ఏమిటో 1970లో పదేళ్ల పిల్లాడికి ఎవరు చెప్పాలి? మార్చమని అడిగారు, హెర్జే సరేనన్నాడు. మార్పులు ముఖ్యంగా మొదటి మూడో వంతులో ఉన్నాయి:

హైఫా పోయి ఖేమిఖల్ వచ్చింది. ఇంగ్లీషులో ఆ పేరు కెమికల్ అన్న మాట మీద చెణుకు. బ్రిటిష్ సైనికుల స్థానంలో అరబ్బు పోలీసులు వచ్చారు. యూదు దళం పూర్తిగా పోయింది. 1950 పాఠంలో వాళ్లు టిన్‌టిన్‌ని తమ మనిషే అనుకుని ఎత్తుకుపోతారు, వాళ్ల చేతుల్లోంచి తిరుగుబాటు నాయకుడు షేక్ బాబ్ ఎల్ ఎహ్ర్ మనుషులు లాక్కుంటారు. 1971లో మధ్య మెట్టు తీసేశారు. ఎత్తుకుపోయేది నేరుగా ఆ షేక్ మనుషులే.

అరబ్బీ రాతలు నిజమైన అరబ్బీ అయ్యాయి. పాత పేజీల్లో గోడల మీద ఉన్నవి అక్షరాల్లా కనబడే గీతలు, అర్థం లేనివి. హైదరాబాద్ పాతబస్తీలో నా మిత్రుడొకాయనకి రెండు ముద్రణలూ చూపిస్తే మొదటిది చూసి పడీపడీ నవ్వాడు.

ఓడ మారింది. హెర్జే సహాయకుడు బాబ్ ద మూర్ ఆంట్వెర్ప్ రేవుకి వెళ్లి పాత చమురు ఓడని చూసి బొమ్మలు గీసుకొచ్చాడు. ఆల్బమ్‌లోని స్పీడాల్ స్టార్ ఓడని దాని ప్రకారం మళ్లీ గీశారు. మీ రెండు పుస్తకాల్లో డెక్ మీది పైపులు, మెట్లు పోల్చి చూడండి, తేడా కళ్లకి కొడుతుంది.

ఫ్రెంచి ఆల్బమ్ 1971లో, ఇంగ్లీషుది 1972లో వచ్చాయి. కాబట్టి ఇంగ్లీషులో హైఫా ఉన్న ‘బ్లాక్ గోల్డ్’ ఆల్బమ్ కోసం వెతక్కండి. మెథ్యూన్ మొదటిసారి అచ్చేసిందే మారిన పాఠాన్ని. పాత ఇంగ్లీషు ముద్రణ, అందులో హైఫా ఉంది, రేటు ఇంత అని ఎవరైనా చెబితే జేబు మీద చెయ్యి వేసుకోండి.

ఈ ఆలస్యం వల్ల ఇంగ్లీషు పాఠకులకి ఒక తమాషా జరిగింది. ముల్లర్ మాత్రల్ని తలనొప్పి మాత్రలనుకుని మింగిన డిటెక్టివ్ జంట థాంసన్, థాంప్సన్‌లకి రంగురంగుల జుట్టు, గడ్డాలు పెరిగేది ఈ కథలోనే. ఆ జబ్బు ‘ఎక్స్‌ప్లోరర్స్ ఆన్ ది మూన్’లో తిరగబెడుతుంది. అది ఇంగ్లీషులో 1959లోనే వచ్చింది. ఈ కథలోనే కనబడే అమీరు కొడుకు, అల్లరి గడుగ్గాయి అబ్దుల్లా మళ్లీ వచ్చే ‘రెడ్ సీ షార్క్స్’ 1960లో వచ్చింది. అంటే జబ్బు తిరగబెట్టిన పదమూడేళ్లకి అది మొదట ఎలా వచ్చిందో అచ్చయింది. చిన్నప్పుడు నేను చదివింది కూడా ఆ వరసలోనే, దొరికిన పుస్తకం దొరికినట్టు. చంద్రుడి దారిలో వాళ్ల జుట్టు ఎందుకలా పెరుగుతోందో అర్థంగాక, నా కాపీలోనే పేజీలు చిరిగాయేమోనని మా తమ్ముణ్ని ఉతికాను పాపం.

మరి మార్పు మంచికా చెడుకా? ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. చదవడానికి 1971ది తేలిక, బొమ్మలు శుభ్రం. కానీ కాలాన్ని చెరిపేద్దామని దిగి ఊరి పేరు మాత్రమే చెరిపారు. మొదటి పేజీల్లోని యుద్ధ భయం అలాగే ఉంది, హాడక్‌కి వచ్చిన పిలుపు అలాగే ఉంది, కార్లు ముప్ఫైల నాటివే. ఏ యుద్ధం? ఎవరి మధ్య? 1939లో ఎవరూ అడగక్కర్లేదు. ఖేమిఖల్ పేజీలు చదివేవాడికి అది గాల్లో వేలాడుతుంది. అన్నిటికన్నా నన్ను పీకేది ఆ పైప్‌లైన్. హైఫా ఉన్నప్పుడు దానికో మొదలు, ఒక చివర, దాన్ని కాపలా కాసే సామ్రాజ్యం, పేల్చే కారణం ఉన్నాయి. హైఫా తీసేశాక అది ఎడారిలో ఎక్కడినుంచో ఎక్కడికో పోయే గొట్టం. స్కాయిల్, అరబెక్స్ అనే రెండు చమురు కంపెనీల పోటీ కథని నిలబెడుతుంది, నిజమే. కానీ అది కంపెనీల తగాదా, ముందున్నది రాజ్యాల తగాదా.

అలాగని 1950దే గొప్పదని అనను. యూదు దళం పేజీలు అప్పటికే కథకి బరువు. వాళ్లు ఎత్తుకుపోతారు, పొరపాటు తెలుస్తుంది, ఇంకొకరు లాక్కుంటారు, తర్వాత వాళ్ల ఊసే ఉండదు. కథ దృష్టితో చూస్తే ఆ మెట్టు తీసేయడం సబబే. నేను గనక ఎడిటర్ని అయితే ఆ దళాన్ని తీసి హైఫాని ఉంచేవాణ్ని. నన్నెవరూ అడగలేదనుకోండి.

ఇలాంటి తిరగరాతలు టిన్‌టిన్‌లో కొత్త కాదు. ‘షూటింగ్ స్టార్’ 1942 ఆల్బమ్‌లో పోటీ ఓడ అమెరికా జెండాతో ఉంటుంది, వెనక డబ్బు పెట్టేవాడు బ్లూమెన్‌స్టైన్ అనే యూదు పేరున్న బ్యాంకరు. యుద్ధం తర్వాత అది దుర్వాసన కొట్టింది. 1954లో జెండా సావో రికో అనే ఊహా దేశానిది అయింది, పేరు బోల్‌విన్‌కెల్ అయింది. ముఖం మాత్రం అలాగే ఉంచారు, అది నాకు మింగుడుపడదు. ‘బ్లాక్ ఐలండ్’ దారి వేరు. బ్రిటన్ గురించిన 131 తప్పులు పట్టి జాబితా పంపింది కూడా మెథ్యూన్‌వాళ్లే. బాబ్ ద మూర్ అక్కడికి వెళ్లి అన్నీ చూసి గీసుకొచ్చాడు, 1966లో ఆల్బమ్ మొత్తం కొత్తగా వచ్చింది. అక్కడ కథ మారలేదు, రైళ్లు, పోలీసు టోపీలు మారాయి. రాజకీయం కోసం మార్చినవి, ముస్తాబు కోసం మార్చినవి, ఈ రెండూ కలిసిన ఆల్బమ్ అంటే మీ చేతిలోని ‘బ్లాక్ గోల్డ్’.

కొనేవాళ్లకి ఒక జాగ్రత్త, ఇది నా సొంత దెబ్బ. చాలా ఏళ్ల కిందట ఒక ఇంగ్లీషు కాపీ లోపలి పేజీలో 1950 అని చూసి, పాత పాఠమే అనుకుని కామిక్స్ సేకరించే విజయవాడ ఆయన ఒకాయనకి మంచి రేటుకి పంపాను. వారంలో తిరిగొచ్చింది, చీటీలో ఒకటే మాట: హైఫా ఏదండీ? ఆ 1950 బొమ్మల హక్కుల సంవత్సరం, పుస్తకం అచ్చయిన సంవత్సరం కాదు. పక్కనే ఇంగ్లీషు మాటల హక్కు 1972 అని ఉంది, నేను చదవలేదు. డబ్బు తిరిగిచ్చి, పోస్టు ఖర్చూ పెట్టుకున్నాను. ఏ భాష కాపీ అయినా సంవత్సరం చూడకండి, ఓడ రేవుకి చేరే పేజీ తెరవండి. ఒడ్డున బ్రిటిష్ సైనికులుంటే 1950 పాఠం, అరబ్బు పోలీసులుంటే 1971ది.

మీ అన్నయ్య మళ్లీ పారిస్ వెళ్తున్నాడంటే, ఆ ఫాక్సిమిలీలు కాస్టర్‌మాన్ ‘షూటింగ్ స్టార్’కి కూడా వేసింది. అమెరికా జెండా ఉన్నదే అడిగి తెమ్మనండి. రెండు కాపీలు తెస్తే ఒకటి నేను తీసుకుంటాను.